మా అత్త డ్రాగనూ, నా అప్రస్తుత ప్రసంగాలూ

మొన్న శనివారం మా అక్క ఫోన్లో ఒక కాగితం ఫొటో పంపింది. అక్క ఇప్పుడు ఒక బడిలో ఆరో తరగతికి తెలుగు చెబుతోంది. ఈ ఏడు పిల్లల చేత ఒక మాయల నవల చదివిస్తున్నారట. ఒక్కో అధ్యాయానికి పిల్లలు ఆడుకుంటూ చేసే మాటల ఆటలు టీచరే తయారు చెయ్యాలట. ఆ కాగితంలో మొదటి ప్రశ్న, డ్రాగన్‌ను వర్ణించే అయిదు విశేషణాలు రాయండి. రెండో ప్రశ్న, డ్రాగన్ మీ వీధికి వస్తే దానితో ఏం మాట్లాడతారో అయిదు వాక్యాల్లో రాయండి. డ్రాగన్ మా వీధికి వస్తే మొదటి వాక్యం సగంలో ఉండగానే నేను పక్క వీధిలో ఉంటాను, మిగతా నాలుగున్నర వాక్యాలకు మార్కులు కొయ్యకు అని జవాబు పెట్టాను. అక్క దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది: “నీ అప్రస్తుతం ఇంకా పోలేదు.”

ఆ మాట చదివాక చేతిలో టీ చల్లారిపోయేదాకా నేను నాంపల్లిలోనే ఉన్నాను. నాంపల్లి అంటే స్టేషన్ వెనక సందుల్లో ఒక సందు, ఆ సందులో ఒక మేడ, మేడ మీద రెండు గదులూ ఒక వరండా. అది మా మేనత్త ఇల్లు. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాతయ్య గుమాస్తాగా ఫైళ్ళతో పాటు కోస్తా నుంచి హైదరాబాదు వచ్చారు. ఆ ఫైళ్ళు ఏమయ్యాయో తెలీదు గానీ మా వాళ్ళు మాత్రం ఇక్కడే ఉండిపోయారు. మేం కాచిగూడలో ఉండేవాళ్ళం. వేసవి సెలవుల్లో మమ్మల్ని ఇంట్లో భరించలేక అమ్మ రోజూ పొద్దున్నే నాన్న స్కూటరెక్కించేది. నాన్న ఖైరతాబాద్‌లో ఆఫీసుకి పోతూ మమ్మల్ని నాంపల్లిలో దించేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయేవాడు. నాకప్పుడు పదకొండేళ్ళు, అక్కకి పధ్నాలుగు. రోడ్డు మీద మెట్రో స్తంభాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. తల లేని కాళ్ళలా వరసగా నిలబడి ఉండేవి.

అత్త పని గురించి చెప్పాలి. మిక్సీ కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున ఒక సన్నటి పుస్తకం ఉంటుంది చూడండి, ఎవరూ చదవరు, పిల్లలు దానితో పడవలు చేసుకుంటారు. అది మా అత్త రచన. మిక్సీలు, గ్రైండర్లు, ఇస్త్రీపెట్టెలు, దోమల మిషన్లు, వీటన్నిటి ఇంగ్లీషు కాగితాలు అబిడ్స్‌లో ఒక ఆఫీసు నుంచి తెచ్చుకుని ఇంట్లో కూర్చుని తెలుగు చేసేది. ‘నీటిలో ముంచరాదు’, ‘తడి చేతులతో తాకరాదు’, ‘పిల్లలకు దూరముగా ఉంచవలెను’ అనే మూడు వాక్యాలు తెలుగువాళ్ళ ఇంటింటా ఉన్నాయంటే అందులో ఆవిడ చెయ్యి కొంత ఉంది. పేరు మాత్రం ఎక్కడా ఉండదు. మిక్సీ కాలిపోతే ఎవరూ తనని వెతుక్కుంటూ రారు, అదొక సుఖం అనేది అత్త. అలా అన్నప్పుడు నవ్వేది గానీ, ఆ నవ్వు చివరిదాకా వెళ్ళేది కాదు.

ఆ ఏడు వేసవికి ముందు అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో పుస్తకాలు వేసే ఒక పెద్దాయన ఆవిడకి ఒక పాత ఇంగ్లీషు నవల ఇచ్చి, పిల్లల కోసం తెలుగు చెయ్యమన్నారు. కవరు మీద అత్త పేరు వేస్తామన్నారు. ఆ నవల రాసినాయన పోయి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు, కాబట్టి అడిగేవాళ్ళు లేరు. కథ ఏమిటంటే, ఒక డ్రాగన్ ఒక ఊరి మబ్బులన్నిటినీ కొండగుహలో పెట్టి తాళం వేసుకుంటుంది. ఊళ్ళో వాన లేదు. ఒక పిల్ల, పిరికివాడైన ఒక రాక్షసుణ్ణి తోడు తీసుకుని, ఆ మబ్బుల్ని విడిపించడానికి బయలుదేరుతుంది. మే నెల హైదరాబాదులో చదవడానికి ఇంతకంటే సరైన కథ ఉండదు.

అత్త రెండు నెలలు కష్టపడి సగం పుస్తకం చేసి పట్టుకెళ్ళింది. పెద్దాయన నాలుగు పేజీలు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారట. తర్వాత ఆయన అన్న మాట అత్త మాకు ఆయన గొంతుతోనే చెప్పింది: “మేడం, మీ తెలుగు తప్పు పట్టేటట్టు లేదు. గని చదువుతుంటే డ్రాగన్ని కొనుక్కొచ్చినట్టున్నది, కథ విన్నట్టు లేదు.” బళ్ళు తెరిచేలోగా మార్చి తెస్తే సరే, లేదంటే ఇంకెవరికైనా ఇస్తామన్నారు. అక్కడ అన్యాయమేమీ లేదు. నేనూ చూశాను కదా ఆ పేజీలు. ‘డ్రాగన్ నోటి నుండి అగ్ని వెలువడును. సమీపమునకు వెళ్ళరాదు.’ దాని కింద వారంటీ ఒక్కటే తక్కువ.

మేం సెలవులకి వెళ్ళేసరికి అత్త వరండాలో ఆ కాగితాలు ముందేసుకుని కూర్చుని ఉంది. పిల్లలకి అర్థమవుతుందో లేదో పిల్లల మీదే చూద్దామని మమ్మల్ని కూర్చోబెట్టి మొదటి అధ్యాయం చదివింది. వినేవాళ్ళం నలుగురం. నేను, అక్క, అత్త కూతురు, కింద వాటాలో ఉండే ఇంటి ఓనరమ్మ. అత్త కూతురు నాకు మరదలు. మరదలు అనగానే ఎవరూ ఏమీ ఊహించుకోనక్కర్లేదు, దానికప్పుడు ఎనిమిదేళ్ళు, ముందు పళ్ళు రెండు లేవు. ఓనరమ్మని అందరం నానమ్మ అనేవాళ్ళం. చింతపండు గింజలు తీసుకోవడానికి కింద కంటే మా వరండాలో గాలి బాగుంటుందని రోజూ చాటతో సహా పైకి వచ్చేది.

రెండో పేజీకి మరదలు నిద్రపోయింది. అక్క మర్యాద కోసం కళ్ళు తెరుచుకుని నిద్రపోయింది. నాకొక జబ్బుంది, ఎక్కడ గంభీరం పేరుకుంటుందో అక్కడ నాకు నోరు దురద పెడుతుంది. పెళ్ళిళ్ళలో తాళి కట్టే సమయానికి నన్ను వంటవాళ్ళ వైపు పంపించేవాళ్ళు. ఇక్కడ పంపించడానికి ఎక్కడా లేదు. అత్త డ్రాగన్ దేహవర్ణనలో ఉండగా, అది స్నానం చేస్తుందా అని అడిగాను. అత్త కాగితం దించి నా వైపు చూసింది. “చెయ్యదు. అందుకే గుహలో ఒక్కతే ఉంటుంది. ఏడేళ్ళకోసారి కొండ పక్కనుంచి పోయే గాలి కూడా ముక్కు మూసుకునే పోతుంది” అంది. మరదలు కళ్ళు తెరిచింది. నానమ్మ చింతగింజ చేతిలోనే ఉంచుకుని, “ఇగ జెప్పు. ఇందాకటి సంది ఇంటున్న, గిప్పుడు సమజైంది” అంది.

అత్త కాగితాలన్నీ దొంతర పెట్టి వాటి మీద పచ్చడి జాడీ పెట్టేసింది. పెళ్ళికి ముందు ఆవిడ తాతయ్యతో కలిసి ఎన్నో అవధానాలకు వెళ్ళింది. అవధానం తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు, కానీ నా వయసువాళ్ళకి చెప్పాలి. ఒకాయన మధ్యలో కూర్చుంటే ఎనిమిదిమంది చుట్టూ చేరి ఎనిమిది రకాలుగా ఆయన్ని చెడగొట్టాలని చూస్తారు. ఒకరు ఫలానా అక్షరం వాడకుండా పద్యం చెప్పమంటారు, ఒకరు నాలుగు సంబంధం లేని మాటలిచ్చి వాటిని ఇరికించమంటారు, ఒకరు మధ్యమధ్యలో గంట కొడితే ఎన్ని కొట్టారో లెక్క చెప్పాలి. ఇంకొకరి ఉద్యోగం అప్రస్తుత ప్రసంగం. అంటే, ఆయన తీవ్రమైన ఆలోచనలో ఉండగా, మీ ఊళ్ళో వంకాయలు ఎలా ఉన్నాయండీ అని అడగడం. ఆయన దానికీ చమత్కారంగా జవాబిచ్చి, మళ్ళీ పద్యంలోకి వెళ్ళాలి. కాగితం చూసుకుంటే మిక్సీ భాషే వస్తోంది కాబట్టి, రేపట్నుంచి డ్రాగన్ కథని అవధానంగా చెబుతాను, మీరు నలుగురూ నన్ను చెడగొట్టండి అంది అత్త. జీవితంలో మొదటిసారి నా జబ్బుకి ఒక పదవి దొరికింది.

పదవులు ఇలా పంచారు. మరదలు రోజుకి నాలుగు మాటలు ఇవ్వాలి, అత్త వాటిని ఆ రోజు కథలో వాడాలి. నానమ్మకి ఏ మాట అర్థం కాకపోతే చేత్తో చాట మీద కొడుతుంది, అత్త ఆ మాట వదిలేసి ఇంకో మాట వెతుక్కోవాలి. గంట మా దగ్గర లేదు కాబట్టి వంటింట్లో కుక్కర్ని నియమించారు. కథ చెబుతూనే కూతలు లెక్కపెట్టుకోవాలి, తప్పితే పప్పు మాడుతుంది, కాబట్టి ఈ పోటీలో ఓటమి అందరం కలిసి తినాల్సి వచ్చేది. అప్రస్తుతం నాది. అక్క చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఆమె రాయసకత్తె. ఒక్క ముక్క కూడా వదలకుండా రాయమని అత్త ఆమెకి గట్టిగా చెప్పింది. ఈ వాక్యం మీరు గుర్తుంచుకోనక్కర్లేదు, మా అక్క గుర్తుంచుకుంది, అదే పెద్ద గొడవైంది.

ఆ తర్వాతి మూడు వారాలు నేను ఎంత పొద్దున్నే లేచేవాడినో చెబితే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. నాన్న ఇంకా గడ్డం గీసుకుంటుండగానే స్కూటర్ దగ్గర నిలబడేవాడిని. దారి పొడుగునా అక్కా నేనూ మాటలు ఏరేవాళ్ళం. మరదలికి మాటలు మేమే సరఫరా చేసేవాళ్ళం, అది లంచంగా జీడిపాకం ఇచ్చేది. ఆదివారమైతే పండగే, ఆఫీసు లేకపోయినా నాన్న చేత దింపించుకునేవాళ్ళం. అబిడ్స్‌లో షాపులన్నీ మూసి ఉంటే, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుచుకుని ఉండేవి. అత్త మా ముగ్గుర్నీ వెంటేసుకెళ్ళి, ఎండ నెత్తికెక్కేదాకా వదిలేసేది. మాకు పుస్తకాలు కొనే ఉద్దేశం లేదు. వైద్యం పుస్తకాల్లోంచి ఒక మాట, మోటారు రిపేరు పుస్తకంలోంచి ఒక మాట, వంటల పుస్తకంలోంచి ఒక మాట దొంగిలించి అరచేతిలో రాసుకునేవాళ్ళం. పుస్తకాలమ్మే ఆయన మా చేతుల వంక చూసి, కాపీ కొట్టడం ఈడ కూడా మొదలువెట్టిన్రా అని అడిగాడు. అక్క సిగ్గుతో చచ్చిపోయింది. నేను ఇంకో రెండు మాటలు రాసుకున్నాను.

ఒక రోజు మరదలు ‘సైకిల్ పంపు, ఉల్లిపాయ, జడపిన్ను, బస్ పాస్’ ఇచ్చి గెలిచినట్టు పళ్ళు లేని నోటితో నవ్వింది. అత్త కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఊగింది. రాక్షసుడు సైకిల్ పంపు కొట్టినట్టు గురక పెట్టాడు. పిల్ల జడపిన్ను తీసి అతని ముక్కులో పెడితే, ఉల్లిపాయ తరిగినట్టు కళ్ళ వెంట నీళ్ళు కార్చుకుంటూ లేచి కూర్చున్నాడు. బస్ పాస్ మిగిలింది. మేం ఊపిరి బిగబట్టాం. అడవి మొదట్లో ఒక ముసలి గుడ్లగూబ కూర్చుని వచ్చేపోయేవాళ్ళని, బస్ పాస్ అడిగే కండక్టర్ మొహంతో చూస్తోంది అంది అత్త. మరదలు లేచి గంతులేసింది. వంటింట్లో కుక్కర్ కూడా కూసింది. అయిదు, అంది అత్త కళ్ళు తెరవకుండానే.

నానమ్మ చాట వల్ల సగం సంస్కృతం రాలిపోయింది. ‘దుర్గమారణ్యం’ అంటే ఒక దెబ్బ, ‘పోలేని అడవి’ అంటే దెబ్బ లేదు. పిరికి రాక్షసుడు ఎలా మాట్లాడాలో మాత్రం అత్తకి ఎంతకీ దొరకలేదు. మేం తలా ఒక గొంతు పెట్టి చూపించాం, నేను మా లెక్కల మాస్టారి గొంతు కూడా ఇచ్చాను, ఏదీ నప్పలేదు. ఆ మధ్యాహ్నం మెట్ల మీద బల్లి కనిపిస్తే నానమ్మ ఆగిపోయి, “నాకేం భయం లే బిడ్డా, జర నువ్వే ముందట నడువు” అని అత్తని పట్టుకుంది. అత్త మెట్ల మీదే నవ్వుతూ కూర్చుండిపోయింది. మర్నాటి నుంచి రాక్షసుడు పుస్తకమంతా నానమ్మలా మాట్లాడాడు. నానమ్మకి తెలియదేమో అనుకున్నాం. మూడో రోజు చింతపండు ముద్ద చేస్తూ, గా రాక్షసుడు మా దిక్కోడే ఉన్నడు, మంచోడు అంది.

ఇక నా సంగతి. నేను ఆ పదవిని దుర్వినియోగం చేశానని ఒప్పుకోవాలి. పిల్ల కొండ ఎక్కుతుంటే, దాని చెప్పులు ఏ షాపులో కొన్నారని అడిగాను. రాక్షసుడు ఏడుస్తుంటే, అంత పెద్ద మనిషికి రుమాలు ఎవరు కుడతారని అడిగాను. అన్నిటికంటే ముఖ్యమైన రోజు పిల్ల గుహ తలుపు దగ్గరికి చేరిన రోజు. అత్త గొంతు తగ్గించింది. లోపల మబ్బులు బర్రెల్లా కట్టుకొయ్యలకి కట్టేసి ఉన్నాయి, వాటి ఊపిరి తలుపు సందుల్లోంచి చల్లగా తగులుతోంది, తలుపుకి అడ్డంగా డ్రాగన్ పడుకుని ఉంది. మరదలు నా చొక్కా పట్టుకుంది. నానమ్మ చేతిలో చింతపండు కదలడం లేదు. నాకూ భయమేసింది, అది ఒప్పుకోవడం ఇష్టం లేక నోరు తెరిచాను. “అత్తా, మబ్బులకి తాళం వేసింది సరే. ఆ తడికి తాళం తుప్పు పట్టదా?”

అక్క నన్ను గిల్లింది. అత్త మాత్రం నా వైపు తిరిగింది. అదే మెల్లని గొంతుతో చెప్పింది. “పట్టింది. ఎప్పుడో పట్టింది. డ్రాగన్ తియ్యాలని చూసింది, రాలేదు. గోళ్ళు విరిగాయి. అది కాపలా కాయడం లేదురా. అదీ వాన కోసమే ఆ తలుపు దగ్గర పడి ఉంది.” ఇది ఇంగ్లీషు పుస్తకంలో లేదు. అందులో డ్రాగన్ చెడ్డది, అంతే. కుక్కర్ ఎన్ని కూసిందో ఆ రోజు ఎవరికీ తెలియదు. పప్పు నల్లగా మాడింది, పెరుగూ ఆవకాయతో తిన్నాం, అత్త రెండోసారి కూడా వడ్డించుకుంది.

కథ పూర్తయ్యాక అక్క మూడు పొడుగు నోటుపుస్తకాల్లోకి అంతా శుభ్రంగా ఎత్తి రాసింది. అత్త ఒకసారి చదివి దిద్దుకోవాలి. సరిగ్గా ఆ వారమే ఆవిడకి కళ్ళకలక వచ్చింది. ఎర్రగా ఉబ్బిన కళ్ళకి నల్లద్దాలు పెట్టుకుని, గోడలు తడుముకుంటూ తిరుగుతోంది. అప్పుడే అబిడ్స్ నుంచి ఫోను, ప్రెస్సులో వీలు దొరికింది, రేపే పంపాలి, లేదంటే వరసలో ఇంకో పుస్తకం ఉంది అని. అక్క రాసిందంటే చూడక్కర్లేదని అత్త, నోటుపుస్తకాలు నాన్నకిచ్చి పంపింది. మర్నాడు అన్నం తింటూ, వీడి వాగుడంతా తీసేసే రాశావు కదా అని అక్కని మామూలుగా అడిగింది. అక్క చేతిలో ముద్ద ఆగిపోయింది. “ఒక్క ముక్క కూడా వదలొద్దన్నావు కదా అత్తా” అంది.

వదల్లేదు. నా చెప్పుల ప్రశ్న, రుమాలు ప్రశ్న, స్నానం ప్రశ్న, అన్నీ, వాటికి అత్త జవాబులతో సహా, ముత్యాల్లాంటి అక్షరాలతో, ‘వాడు’, ‘అత్త’ అని ఎడమ పక్కన రాసి మరీ ఎత్తింది. కుక్కర్ కూతలు కూడా వదల్లేదు. అక్క ఏడవడం మొదలుపెట్టింది. అత్త తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నల్లద్దాల వెనక ఆవిడ కళ్ళు కనబడలేదు. “పోనీలే. మిక్సీలు ఎక్కడికీ పోవుగా” అంది, పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుంది. ఆ గదిలో అంత గంభీరం నేనెప్పుడూ చూడలేదు, అయినా నాకు నోరు దురద పెట్టలేదు. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

నోటుపుస్తకాలు వెనక్కి తెచ్చుకుందామని ఆ సాయంత్రమే ఆటోలో అబిడ్స్ వెళ్ళాం. నల్లద్దాల అత్తని ఒక పక్క నేను, ఒక పక్క అక్క పట్టుకుని మెట్లెక్కించాం. పైన గదిలో కట్టలు కట్టిన పుస్తకాలు, సరేసు జిగురు వాసన, చప్పుడు చేసే పంకా, బల్ల వెనక పెద్దాయన. ఆయన ముందు మా రెండో నోటుపుస్తకం సగానికి తెరిచి ఉంది. అత్త కూర్చోకుండానే మొదలుపెట్టింది, పొరపాటైందండీ, వారం రోజులు ఇవ్వండి, అంతా తిరిగి రాసి తెస్తాను అని. ఆయన విన్నట్టు లేదు. కళ్ళజోడు పైనుంచి చూసి, “గీ ‘వాడు’ ఎవరు?” అని అడిగారు.

అక్క వేలు, అత్త వేలు ఒకేసారి నా వైపు తిరిగాయి. ఆయన నన్ను దగ్గరికి పిలిచి, ఒక పేజీ తీసి చదవమన్నారు. అక్షరాల కింద వేలు పెట్టుకుని మొదలుపెట్టాను. రుమాలు దగ్గరికొచ్చేసరికి, మూల కూర్చుని కట్టలు కడుతున్న ఇద్దరు మనుషులు పని ఆపి నవ్వడం మొదలుపెట్టారు. పెద్దాయన పొట్ట కూడా కదిలింది. నాకు గాల్లో తేలుతున్నట్టుంది. పుస్తకం కవరు మీద అత్త పేరు కింద నా పేరు ఏ రంగులో ఉండాలో కూడా ఆలోచించేశాను. ఆయన కళ్ళు తుడుచుకుని, “మంచిగ నవ్వినం. ఇగ తీసెయ్యాలె” అన్నారు.

నవ్వారు కదా అన్నాను. “నవ్విన బిడ్డా. నవ్వినప్పుడల్లా డ్రాగన్ని మర్చిపోయిన. మళ్ళ దానికి భయపడెటానికి నాకు రెండు పేజీలు వట్టింది” అన్నారాయన. అత్త మళ్ళీ వారం రోజుల మాట ఎత్తబోయింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “వద్దు మేడం. మీరు ఇంటికి వోయి కూసోని రాస్తే మళ్ళ మిక్సీ అయితది. గిట్లనే ఉండని. గా రాక్షసుడు మాట్లాడుతుంటే మా అమ్మ యాదికొచ్చింది.” ఆ తర్వాత జేబులోంచి ఒక ఎర్ర కలం తీసి అత్తకి ఇవ్వబోయి, నల్లద్దాలు చూసి ఆగి, నా చేతిలో పెట్టారు. ఎవరి మాటలు వాళ్ళే కొట్టుకోవాలన్నారు.

నా మాటలు నేనే చదవాలి, కొట్టాలి. అత్తకి కనబడదు కాబట్టి గట్టిగా చదవాలి. మొదటి నాలుగు కొట్టేటప్పుడు పళ్ళు పీకించుకున్నట్టుంది. తర్వాత అలవాటైంది, జోరుగా ప్రశ్నతో పాటు జవాబు కూడా కొట్టుకుంటూ పోతున్నాను. తాళం దగ్గరికి వచ్చాను. తుప్పు పట్టదా అన్న నా మాట కొట్టి, అత్త జవాబు మీద కలం పెట్టగానే పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నారు. “నీది కొట్టు. ఆమెది ఉంచు. ముందల కొట్టినయి గూడ మళ్ళ చూడు.” అత్త కంగారుపడి, అవి అసలు పుస్తకంలో లేవండీ, నేనేదో వీడి నోరు మూయించడానికి అన్నవి అంది. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. “మనోళ్ళు అసలుల ఉన్నదే ఎన్నడు రాసిన్రమ్మా? స్వేచ్ఛానువాదం అని ఏస్తం. ఇంగ పేరు జెప్పున్రి, కవరు మీద ఇంటిపేరు ముందల రావాల్నా, ఎన్క రావాల్నా?” ఇంటిపేరు అక్కర్లేదు, పేరు చాలు అంది అత్త. అద్దాల కింద నుంచి బుగ్గ మీదికి నీళ్ళు కారుతున్నాయి. కళ్ళకలక అని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

పుస్తకం దసరా సెలవులకి వచ్చింది. కవరు మీద అత్త పేరు అక్షరాలు కాస్త పెద్దవే వేశారు. నానమ్మ దాన్ని చాటలో పెట్టుకుని సందంతా తిప్పింది. ఆ తర్వాత కూడా మిక్సీలు వస్తూనే ఉన్నాయి, కానీ ఇంకో మూడు పిల్లల పుస్తకాలూ వచ్చాయి, వాటన్నిటికీ వరండాలో అవధానం జరిగింది, అన్నిట్లోనూ నేను నా మాటలు నేనే కొట్టుకున్నాను. మొదటి పుస్తకం నేను ఇప్పటికీ అప్పుడప్పుడూ తీస్తాను. అందులో గాలి ఉన్నట్టుండి ముక్కు మూసుకుని పోతుంది, డ్రాగన్ ఎవరూ అడక్కుండానే తన విరిగిన గోళ్ళ సంగతి చెబుతుంది. చదివే పిల్లలకి అది కథ, అంతే. ఎవరో ఏదో అడిగితేనే ఆ మాట వచ్చిందని వాళ్ళకి తెలియనక్కర్లేదు. నాకే సరిగా తెలియడం లేదు. ఆ వేసవిలో నేనడిగినవాటిలో నాలుగైదు తప్ప ఏవీ గుర్తు లేవు, అత్త చెప్పినవన్నీ ఉన్నాయి. కాలం దగ్గర కూడా ఒక ఎర్ర కలం ఉన్నట్టుంది, కాకపోతే అది మన చేతికిచ్చి కొట్టమనదు, మనం అటు చూస్తుండగా తనే కొట్టుకుంటూ పోతుంది.